మూడో రౌండు ఎవరిది

టీవీ నోరు మూయించి బాక్సింగు చూసే ఇల్లు ఆ గని ఊరు మొత్తానికి ఒక్కటే ఉండేది. అది సపార్గలి ఇల్లు. కరగండ పట్నం నుంచి వచ్చే బస్సు దిగి మూడో వీధిలోకి తిరిగితే నీలం కిటికీ రెక్కలు కనపడతాయి, అదే. ఆదివారం మధ్యాహ్నం లోపల నలుగురైదుగురు మగవాళ్ళు ఉన్నారని గుమ్మంలో వరసగా విడిచిన బూట్లను బట్టి తెలియాల్సిందే తప్ప, చప్పుడు వినపడేది కాదు. ఉన్నట్టుండి ఒక గొడవ లేచేది. నిమిషం తిరక్కుండానే మళ్ళీ చచ్చినంత నిశ్శబ్దం. ఆ వీధికి కొత్తగా వచ్చిన కోడళ్ళు మొదట్లో లోపల ఏదో దొంగ వ్యవహారం నడుస్తోందని అనుకునేవారు.

లోపల నడిచేది తీర్పు. ఎప్పుడో అయిపోయిన పోటీల మీద తీర్పు. గెలిచినవాడు బెల్టు కట్టుకుని, ఓడినవాడు ముక్కు కట్టుకుని ఇళ్ళకు పోయి ఇరవై ముప్పై ఏళ్ళయిన పోటీలను వీళ్ళు మొదట క్యాసెట్ల మీద, తర్వాత సీడీల మీద, ఆ తర్వాత ఇంటర్నెట్టులోంచి తెచ్చుకుని, రౌండు రౌండుకీ ఎవరు గెలిచారో మళ్ళీ తేల్చేవారు. మిమ్మల్నెవరడిగారయ్యా అంటే, ఎవరూ అడగలేదు. అడగని పనిని అంత నిష్ఠగా చేసినవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు.

దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతి సపార్గలి పెట్టిందే. ఒక్కొక్కరి చేతిలో రెండేసి అసిక్‌లు ఉంటాయి. అసిక్ అంటే గొర్రె చీలమండ దగ్గరి చిన్న ఎముక, పిల్లలు గోళీల్లా ఆడుకునేది. ఒకదానికి ఎర్ర రంగు, ఇంకోదానికి నీలం రంగు, రింగులో రెండు మూలల రంగులు. రౌండు నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, మూలగకూడదు, టీ కూడా చప్పరించకూడదు. రౌండు అయిపోగానే చేతులు వెనక్కి పెట్టుకుని, గెలిచినవాడి రంగు ఎముకను పిడికిట్లో పట్టుకుని, పిడికిలి దుప్పటి మీద పెట్టాలి. అందరూ ఒక్కసారే తెరవాలి. తెరిచాక మార్చడం లేదు. వెనక్కి తిప్పి చూడడం అసలే లేదు. రింగు పక్కన కూచున్న జడ్జికి వెనక్కి తిప్పే మీట ఉందా, మరి మనకెందుకు అనేవాడు సపార్గలి.

టీవీకి గొంతు లేకుండా చేయడానికి కూడా కారణం ఉంది. జనం ఎవడి వైపు అరిస్తే వాడు కొట్టినట్టే ఉంటుంది. గ్లౌజు మీద పడ్డ గుద్దు కూడా ఆ అరుపులో దవడ మీద పడ్డట్టే వినపడుతుంది. చెవితో చూసేవాడు జడ్జి కాడు, జాతరకొచ్చినవాడు అని సపార్గలి వాదన. ఈ వాదన మీదే అతనికీ వాల్దెమార్‌కీ రెండేళ్ళు మాటల్లేవు. వాల్దెమార్ అంటే ఆ ఊళ్ళో మిగిలిపోయిన ఒకే ఒక్క జర్మను, గనిలో పంపుల మెకానిక్కు. హాగ్లర్, లెనార్డ్ కొట్టుకున్న పోటీ చూస్తూ వాల్దెమార్ దొంగతనంగా గొంతు పెంచాడు. పైగా లెనార్డ్ గెలిచాడన్నాడు. చెవులు కోసుకుని రా, అప్పుడు మాట్లాడదాం అని సపార్గలి అతన్ని మంచులోకి పంపించేశాడు. మళ్ళీ రెండేళ్ళకి వాల్దెమార్ ఏమీ ఎరగనట్టు వచ్చి, ఉప్పు చేప ఇచ్చి, తన ఎముకలు తను తీసుకుని కూచున్నాడు. లెనార్డే గెలిచాడని మాత్రం చచ్చేదాకా అంటాడు.

సపార్గలి పొట్టిగా, గట్టిగా, గనిలోకి దిగి ఎక్కి వంగిపోయిన మనిషి. కుర్రతనంలో తనూ గ్లౌజులు కట్టాడు. ముక్కు రెండుసార్లు విరిగాక, నాకు కొట్టడం కంటే చూడడం బాగా వచ్చు అని ఒప్పుకుని దిగిపోయాడు. ఒకసారి ఊరి పోటీకి జడ్జిగా కూచోబెట్టారు. అతను పనిచేసే గని కుర్రాడికీ, వేరే ఊరి కుర్రాడికీ ఫైనలు. తన గనివాళ్ళంతా వెనక కూచుని వీపు మీద చూపులు గుచ్చుతుంటే, సపార్గలి వేరే ఊరివాడికి రాశాడు. ఆ తర్వాత అతన్ని ఏ బల్ల దగ్గరికీ ఎవరూ పిలవలేదు. అయినా ఊళ్ళో ఏ రెండు జట్లు ఏ పోటీ గురించి తగువు పడ్డా, సపార్గలి లెక్క ఏంటట అని చివరికి అడిగేవారు. పిలవరు గానీ అడుగుతారు. ఊళ్ళ తీరే అంత.

ఇంతకీ ఈ మనిషి జీవితమంతా లెక్కపెట్టింది ఎన్ని వందల పోటీలైనా, అసలు లెక్క ఒక్క రౌండుది. అది అతని తమ్ముడు తైమాస్ ఆడిన రౌండు.

తండ్రి గని దుమ్ముకు పోయాక తైమాస్‌ను పెంచింది అన్నే. గని క్లబ్బు నేలమాళిగలో ఇసుక సంచి ముందు నిలబెట్టిందీ అన్నే. ఒక ఏడాది గడిచేసరికి ఆ సంచి ముందు నిలబడ్డవాడు తన తమ్ముడే కాదన్నట్టు చూస్తూ ఉండిపోయేవాడు సపార్గలి. పాదాలు నేలను తాకుతున్నాయా లేదా అన్నట్టుండేవి. జిల్లా పోటీ గెలిచాడు, రిపబ్లిక్ పోటీ గెలిచాడు. సోవియట్ రోజుల్లో, ఎనభై రెండులో, తాష్కెంట్‌లో ఒక పెద్ద పోటీ ఫైనలుకి చేరాడు. అది గెలిస్తే దేశం జట్టులోకి పిలుపు. తైమాస్‌ది ఎర్ర మూల. నీలం మూలలో ఉత్తరాది నుంచి వచ్చిన గ్రెబ్నేవ్ అనే పొడుగు చేతులవాడు. మూడు రౌండ్లు, ఐదుగురు జడ్జీలు.

మొదటి రౌండు తైమాస్‌దే, అందులో ఎవరికీ పేచీ లేదు. రెండో రౌండు చివర్లో, గంట కొట్టబోతుండగా గ్రెబ్నేవ్ కుడి చెయ్యి తైమాస్ కణత మీద పడింది. తైమాస్ పడిపోలేదు. తన కాళ్ళ మీదే తన మూలకు నడిచాడు, నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు, మూడో రౌండుకు లేచాడు, ఆడాడు. హాలంతా లేచి నిలబడి వాడి పేరు అరిచింది. కానీ ఆ మూడో రౌండు వాడి బుర్రలో లేదు. కణత మీద దెబ్బ, ఆ వెంటనే రిఫరీ గ్రెబ్నేవ్ చెయ్యి పైకెత్తడం. మధ్యలో ఏమీ లేదు. ముగ్గురు జడ్జీలు అటు, ఇద్దరు ఇటు.

బట్టలు మార్చుకునే గదిలో కుళాయి కింద తల పెట్టి, నీళ్ళు కారుతుండగానే తైమాస్ అన్నను అడిగాడు.

"అన్నా, మూడోది ఎవరిది?"

"నీది."

"నన్ను ఓదార్చకు. నీ లెక్క చెప్పు."

"నీదేరా. నా కళ్ళతో చూశాను. నీదే."

తైమాస్ తల తుడుచుకుని, అయితే నన్ను దోచుకున్నారన్నమాట అన్నాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. రెండో రౌండు గురించి అసలు అడగలేదు, సపార్గలి చెప్పనూ లేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

దేశం జట్టు పిలవలేదు. తైమాస్ మరో రెండేళ్ళు ఆడాడు గానీ పాదాల్లో ఆ తేలిక రాలేదు. ఆ తర్వాత అన్నతోపాటు గనిలోకి దిగాడు. దేశమే పోయింది, గని మూతపడింది, ఇళ్ళలో వేడినీళ్ళు ఆగిపోయాయి. అన్నీ పోతున్నప్పుడు తైమాస్‌కు తాగుడు వచ్చింది. భార్య కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది, పోయి మంచి పని చేసింది. ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవని తైమాస్‌కు ఊళ్ళో మాత్రం ఒక హోదా మిగిలింది. దోచుకోబడినవాడు అనే హోదా. పెళ్ళి భోజనానికి పిలిచేవారు, పై వరసలో కూచోబెట్టేవారు, ఎవడో ఒకడు ఆ కథ ఎత్తేవాడు. తైమాస్ చెప్పేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకే మాట.

"నా మాట నమ్మొద్దు. రింగులో ఉన్నవాడికి ఏం తెలుస్తది? మా అన్న లెక్క అడగండి."

అందరూ సపార్గలి వైపు తిరిగేవారు. సపార్గలి టీ గిన్నె కింద పెట్టి, మూడోది వాడిదే అనేవాడు. అంతే. ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. సొంత గని కుర్రాడికే రాయని మనిషి అన్నాడంటే ఇంక మాటేముంది. తైమాస్ ఆ రాత్రికి మనిషయ్యేవాడు.

బయటికి ఇంత నిబ్బరంగా చెప్పే సపార్గలికి లోపల ఒక పురుగు తొలుస్తూ ఉండేది. టీవీ నోరు మూయించి చూడడం మొదలుపెట్టాక పుట్టిన పురుగు అది. ఏళ్ళ తరబడి చూడగా చూడగా, చెవి మనిషిని ఎంత మోసం చేస్తుందో అతనికి బాగా తెలిసొచ్చింది. మరి ఆ రోజు తాష్కెంట్ హాలుకు ఎవరు గొంతు తీసేశారు? పైకప్పు లేచిపోయేలా అరిచారు కదా జనం, అందులో తనూ ఒకడు కదా. తను చూసింది గుద్దులా, విన్నది అరుపులా? అబద్ధం చెప్పలేదు, అది మాత్రం ఖాయం. కానీ చెప్పింది నిజమేనా? ఈ సంగతి ఒక్క భార్య ఉల్మెకెన్‌కు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడ విని, ఇంక నిద్రపో అంది.

తైమాస్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి. తండ్రికి పట్టిన దుమ్మే. కరగండ ఆసుపత్రి వాళ్ళు కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంక ఇంటి దగ్గర ఉంటేనే మంచిదన్నారు. ఆ మాటకు అర్థం అడగక్కర్లేదు. సపార్గలి తమ్ముణ్ణి తీసుకొచ్చి టీవీ ఉన్న గదిలోనే మంచం వేశాడు. మిగతావాళ్ళు ఆదివారాలు రావడం తగ్గించారు. దగ్గుతున్న మనిషి పక్కన నోరు మూసుకుని కూచోవడం ఎవరికైనా కష్టమే. తైమాస్ మాత్రం ఊపిరి ఆడినప్పుడల్లా ఎముకలు చేతిలోకి తీసుకునేవాడు. అన్నదమ్ములిద్దరూ పాత పోటీలు పెట్టుకునేవారు. పిడికిళ్ళు తెరిస్తే దాదాపు ఎప్పుడూ ఒకే రంగు. తేడా వస్తే తైమాస్ తన ఎముకను చూసి నవ్వి, నా కళ్ళు కూడా దుమ్ము పట్టాయన్నా అనేవాడు. అన్న పొరపడి ఉంటాడని వాడికి ఎన్నడూ తోచలేదు.

అలా ఉండగా, ఆ చలికాలంలో, వాల్దెమార్ మంచి చేయబోయాడు.

తాష్కెంట్‌లో ఎవరో పాత టీవీ టేపులను ఇంటర్నెట్టులో పెడుతున్నారట. అందులో ఎనభై రెండు నాటి ఆ ఫైనలు వాల్దెమార్ కంట పడింది. వాల్దెమార్‌కు ఉత్సాహం వస్తే బుర్ర పనిచేయదు. సపార్గలితో ఒక్క మాట చెప్పకుండా సరాసరి మంచం దగ్గరికి పోయి తైమాస్ చెవిలో వేశాడు. సపార్గలి బొగ్గు మోసుకుని లోపలికి వచ్చేసరికి తమ్ముడు దిండుకు ఆనుకుని లేచి కూచుని ఉన్నాడు. ఎన్నో నెలల తర్వాత వాడి ముఖంలోకి రక్తం వచ్చింది.

"దొరికిందన్నా," అన్నాడు తైమాస్. "మన పద్ధతిలోనే చూద్దాం. నువ్వూ నేనూ."

సపార్గలి బొగ్గు బకెట్టు కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

వాల్దెమార్ చిన్న డ్రైవు ఒకటి బల్ల మీద పెట్టి కోటు తొడుక్కున్నాడు. చూశావా అని గుమ్మం దగ్గర అడిగాడు సపార్గలి. లేదన్నాడు వాల్దెమార్. చూస్తే లెక్కపెట్టకుండా ఉండలేను, లెక్కపెడితే నువ్వడుగుతావు, నువ్వడిగితే నేను చెప్పాలి, నాకెందుకొచ్చిన గొడవ అన్నాడు. తను ఏం తెచ్చిపెట్టాడో అతనికి అప్పుడే కొద్దిగా తెలుస్తున్నట్టుంది. బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

వంటింట్లో ఉల్మెకెన్ పిండి కలుపుతోంది. సపార్గలి పొయ్యి పక్కన పీట మీద కూచున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాల్సి వచ్చింది, గోడ అవతలే మంచం.

"ఎర్రది పట్టుకో," అంది ఆవిడ.

"చూడకుండానే ఎలా పట్టుకుంటానే?"

"మూడుసార్లూ ఎర్రదే పట్టుకో. ఆకలన్నవాడికి రొట్టె పెట్టేటప్పుడు తూకం వేస్తావా?"

"వాడు రొట్టె అడగట్లేదు. లెక్క అడుగుతున్నాడు."

"పోయేవాడికి లెక్కలేంటయ్యా," అని ఉల్మెకెన్ పిండిలోకి తల వంచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

ముందుగా ఒకసారి ఒంటరిగా చూసి ఉంటే సరిపోయేది. నేనైతే చూసేవాణ్ణి, మీరైనా చూస్తారు. సపార్గలి చూడలేదు. లెక్కపెట్టబోయే పోటీని ముందే చూడకూడదన్నది అతను పెట్టిన నియమమే. తమ్ముడు గోడ వైపు తిరిగి నిద్రపోతున్న ఆ సాయంత్రమంతా డ్రైవు బల్ల మీదే ఉంది, అతను దాన్ని ముట్టుకోలేదు. ఆ ఒక్క విషయంలో నిజాయితీగా ఉండి, ఉండాల్సిన చోట లేకుండా పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పెట్టారు. తైమాస్ గడ్డం గీయించుకున్నాడు. ఎర్ర ఎముక, నీలం ఎముక రెండూ చేతిలో పట్టుకుని, రింగులోకి పోబోతున్నవాడిలా పెదాలు తడుపుకుంటున్నాడు. సపార్గలి గొంతు తీసేశాడు. తెర మీద రంగులు వెలిసిపోయి ఎరుపు ఇటుక రంగులోకి దిగింది. ఆ ఇటుక రంగు బనీనులో ఒక కుర్రాడు తాళ్ళ కింద నుంచి దూరి వచ్చి, చేతులెత్తి, జనానికి తల వంచాడు. ఎంత సన్నంగా ఉన్నాడో. మంచం మీద మనిషి ఆ కుర్రాణ్ణి చూసి దిండు మీంచి ముందుకు జరిగాడు.

మొదటి రౌండు ఇద్దరూ ఎరుపు తెరిచారు. తైమాస్ కొద్దిగా నవ్వాడు.

రెండో రౌండు మొదలైన కాసేపటికే సపార్గలి తెర వైపు వంగాడు. తను గుర్తుంచుకున్న రెండో రౌండు ఇది కాదు. ఏదో కాస్త వెనకబడ్డాడు, చివర్లో దెబ్బ తిన్నాడు అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. ఇక్కడ, చప్పుడు లేని తెర మీద, తమ్ముడి గుద్దులన్నీ గ్రెబ్నేవ్ గ్లౌజుల మీదే పడి ఆగిపోతున్నాయి. గ్రెబ్నేవ్ ఎడమ చెయ్యి మాత్రం తైమాస్ పక్కటెముకల్లోకి, ముఖంలోకి తలుపు తీసుకుని వచ్చినట్టు వస్తోంది. వెనక జనం నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, చేతులూపుతున్నారు. అంటే ఆ రోజు ఈ రౌండును కూడా తను చెవులతోనే చూశాడన్నమాట. ఈ రౌండే ఇంత తప్పుగా గుర్తుంటే, మూడోది?

కణత మీద దెబ్బ పడింది. గంట కొట్టారు. చేతులు వెనక్కి.

ఆ కొద్ది క్షణాల్లో సపార్గలి బుర్ర ఒక లెక్క వేసింది. జీవితంలో మొదటిసారి, జరిగిన రౌండుకు కాదు, జరగబోయే రౌండుకు. మూడోది ఎటు పోతుందో తెలియదు. ఇప్పుడే నీలం తెరిస్తే చెరొకటి అవుతుంది, ఇంక బరువంతా మూడో దాని మీదే పడుతుంది, అది కూడా గ్రెబ్నేవ్‌దే అయితే వీడి బతుకంతా ఈ మంచం మీద తేలిపోతుంది. ఇప్పుడే ఎరుపు తెరిస్తే రెండు వచ్చేసినట్టే. మూడోది ఏమైనా ఫరవాలేదు. అతని వేళ్ళు ఎర్ర ఎముక చుట్టూ ముడుచుకున్నాయి. పిడికిలి తెచ్చి దుప్పటి మీద పెట్టాడు. తైమాస్ పిడికిలి కూడా పక్కన వచ్చి ఆగింది. తెరిచారు.

అన్న చేతిలో ఎరుపు. తమ్ముడి చేతిలో నీలం.

తైమాస్ తన ఎముకను చూసుకోలేదు. అన్న ఎముకనే చూశాడు, చాలాసేపు.

"రెండోది పోయిందని నాకు ఆ రోజే తెలుసన్నా," అన్నాడు నెమ్మదిగా. "నాకు తెలియనిది మూడోదే. రెండోది నా ఒంటికి గుర్తుంది. పక్కటెముకలు వారం రోజులు నొప్పెట్టాయి."

సపార్గలి వేళ్ళు ఎర్ర ఎముక మీద మళ్ళీ ముడుచుకున్నాయి. తెరిచిన పిడికిలి మార్చడం లేదు. ఎవరు పెట్టారు ఆ నియమం?

తెర మీద మూడో రౌండు మొదలైంది. ఆపేవాళ్ళు లేక అదే మొదలైంది. సపార్గలి ఇంకేమీ చేయలేక చూశాడు. తన ప్రాణమంతా కళ్ళలోకి తెచ్చుకుని చూశాడు. కణత మీద దెబ్బ తిని, ఎక్కడున్నాడో కూడా తెలియని ఆ సన్నటి కుర్రాడు, ఏళ్ళ తరబడి ఇసుక సంచి ముందు నేర్చుకున్నదంతా ఒంట్లోంచి దానంతటది బయటికి వస్తుంటే, అందంగా ఆడుతున్నాడు. గ్రెబ్నేవ్ పొడుగు చెయ్యి వచ్చేసరికి ఆ తల అక్కడ ఉండడం లేదు. తైమాస్ ఎడమ చెయ్యి గ్రెబ్నేవ్ దవడకు తగులుతోంది, మళ్ళీ తగులుతోంది, కుడి చెయ్యి పొట్టలోకి దిగుతోంది. ఇవి గ్లౌజుల మీద పడ్డవి కావు. చప్పుడు లేదు, జనం లేరు, అరుపులు లేవు, ఉన్నవి గుద్దులే. రౌండు తైమాస్‌ది. పేచీ లేకుండా తైమాస్‌ది. అంటే పోటీ కూడా తైమాస్‌దే. అప్పుడు చెప్పింది నిజమే. ఇన్నేళ్ళు పెళ్ళి భోజనాల్లో చెప్పింది నిజమే. సపార్గలి తమ్ముడి వైపు తిరిగాడు.

తైమాస్ తెర వైపు చూడడం లేదు. ఎంతసేపటి నుంచో, బహుశా రౌండు మొదటి నుంచీ, అన్న ముఖాన్నే చూస్తున్నాడు. వాడి రెండు ఎముకలూ దుప్పటి మీద పడి ఉన్నాయి.

సపార్గలి పిడికిలి తెరిచాడు. ఎరుపు.

"నీదేరా," అన్నాడు. "మూడోది నీదే. ఈసారి చూశాను, నిజంగా చూశాను."

"రెండోది కూడా నాదే అన్నావుగా."

"అది తప్పు. రెండోది అబద్ధమాడాను. ఇది కాదు. ఒట్టురా, నాన్న మీద ఒట్టు."

"ఒట్టెందుకన్నా, ఊరుకో." తైమాస్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు నన్ను ఇంతలా ప్రేమిస్తావని అనుకోలేదు. ఆ రోజు కుళాయి దగ్గర కూడా ఇంత ప్రేమగానే చెప్పుంటావు."

అప్పుడు సపార్గలి ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. మూడో రౌండును వెనక్కి తిప్పాడు. తమ్ముడి భుజాల కింద చెయ్యి వేసి లేపి కూచోబెట్టి, నువ్వే చూడు, నీ కళ్ళతో నువ్వే చూడు అని బతిమాలాడు. తైమాస్ కాదనలేదు. అన్న మాట కాదనే అలవాటు లేదు వాడికి. మొదటి నుంచి చివరిదాకా చూశాడు. వాడి ఊపిరి గరగరమంటుంటే వంటింట్లోంచి ఉల్మెకెన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇద్దరు కుర్రాళ్ళు కొట్టుకుంటున్నారు," అన్నాడు తైమాస్ చివరికి. "ఎవడు గెలుస్తున్నాడో నాకు తెలియట్లేదన్నా. నాది నాకెప్పుడూ తెలియలేదు. అందుకేగా నిన్ను అడిగింది." తర్వాత, తనను పడుకోబెట్టమన్నాడు.

ఆ తర్వాత వాడు అన్నను ఒక్క మాట అనలేదు. టీ ఇస్తే తాగాడు, మందు వేస్తే మింగాడు, వదినతో చలి గురించి మాట్లాడాడు. వాల్దెమార్ తప్పు చేసినవాడి ముఖంతో వచ్చి, ఎవరు గెలిచారని కళ్ళతోనే అడిగితే, తైమాస్ నవ్వి, మా అన్నే గెలిచాడన్నాడు. ఎముకలు మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు. సపార్గలి రోజూ ఏదో ఒక వేళ మంచం పక్కన కూచుని, మూడోది నీదేరా అనేవాడు. తైమాస్ ప్రతిసారీ, సరేనన్నా అనేవాడు. ఆ సరే వినడం కంటే ఛీ కొట్టించుకోవడం నయం.

మంచు కరగక ముందే తైమాస్ పోయాడు. నేల గడ్డకట్టి ఉంది, గొయ్యి తవ్వడానికి పాత గనివాళ్ళే వచ్చారు, వాళ్ళకు తవ్వడం వచ్చు కాబట్టి.

నలభయ్యో రోజు భోజనాలకు ఊరు ఊరంతా వచ్చింది. గుర్రం మాంసం వండారు, ప్రార్థన చదివారు, చేతులు ముఖం మీదుగా కిందికి దించుకున్నారు. టీ వచ్చే వేళకు, ఇలాంటి చోట్ల ఎప్పుడూ జరిగేట్టే, పై వరసలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తాష్కెంట్‌లో మన తైమాస్‌ను దోచుకున్నారు కదా అన్నాడు. అవునవునన్నారు అందరూ. ఇప్పుడు చెప్పడానికి తైమాస్ లేడు కాబట్టి, వాడు అనే మాట కూడా ఆయనే అన్నాడు, వాళ్ళన్న లెక్క అడగండి అని.

అందరూ సపార్గలి వైపు తిరిగారు. వాల్దెమార్ ఒక్కడే తల దించుకున్నాడు. సపార్గలి టీ గిన్నె కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ అనుమానంతో చెప్పిన మాటను ఇప్పుడు కళ్ళారా చూసి చెప్పబోతున్నాడు.

"మూడోది వాడిదే," అన్నాడు.

ఎవరూ మారు మాట్లాడలేదు. సపార్గలి అన్నాడంటే ఇంక మాటేముంది అనుకుని అందరూ తలలూపారు. ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ నమ్మారు. ఉల్మెకెన్ వచ్చి అతని గిన్నెలో మళ్ళీ టీ పోసింది.